దళవాయి వంతు

నేను టైపు చేస్తుండగా నన్ను కోట గోడ మీది నుంచి తోసేశారు.

అప్పుడు రాస్తున్న వాక్యం ఇది: "రాయసం బురుజు అంచున నిలబడి, కింద వేసిన గుడారాలను వరసల వారీగా లెక్కపెట్టాడు." లెక్కపెట్టడం దాకా రానేలేదు. తెర గిర్రున తిరిగింది. గోడ, ఆకాశం, మళ్ళీ గోడ, ఆ తర్వాత అంతా ఎరుపు. హెడ్‌ఫోన్లో నవ్వులు.

"ఈ తాత నిలబడే నిద్రపోతాండాడు మామా."

"నిద్ర కాదబ్బా, ఏందో టైపు కొడతాండాడు. సూడు, నెత్తి మీద అక్షరాలు వస్తాండాయి."

"సచ్చినాక గూడానా?"

చచ్చాక కూడా కొడుతూనే ఉన్నాను. వాక్యాన్ని సగంలో వదిలే అలవాటు నాకు లేదు. మా జట్టులో ఎవరికీ లేదు. ఒకరు రాస్తుంటే మిగతావాళ్ళు చేతులు కట్టుకుని కాచుకోవడమే మా ఆట. అవతలి మనిషి మాట ముగించేదాకా ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. ఆ నమ్మకంతోనే గోడ అంచున వీపు చూపించి నిలబడ్డాను. ఆ రోజు మేం పాతవాళ్ళం అందరం అదే తప్పు చేసి, అందరం చచ్చాం.

నాది హిందూపురం. ఊరి బయట వేబ్రిడ్జి మీద పని. లారీ నిండుగా వస్తుంది, తూస్తాను. ఖాళీగా వస్తుంది, తూస్తాను. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది సరుకు. చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. లెక్కలు నాకు ఎవరూ నేర్పలేదు, లారీలే నేర్పాయి. లెక్కలకన్నా బాగా నేర్చుకున్నది అనుమానం. నిండు బండిని తూసేటప్పుడు డ్రైవరు, క్లీనరు, నీళ్ళ డ్రమ్ము అన్నీ బండిలోనే ఉంటాయి. ఖాళీ బండిని తూసేటప్పుడు మాత్రం అందరూ టీ తాగడానికి పోయుంటారు. డ్రమ్ములో చుక్క నీళ్ళుండవు. అదంతా చూసి చూసి, ఒక మనిషి ఏదైనా చెబితే ముందు అందులో అతని బరువెంతో తీసేయడం అలవాటైంది.

లారీకీ లారీకీ మధ్య దొరికే ఖాళీలో నాకు ఈ ఆట అంటుకుంది. ఆట అంతా ఫోన్లోనే, ఒక మెసేజీల గ్రూపులో. బొమ్మల్లేవు, పాచికల్లేవు. ఒక కొండ, కొండ మీద కోట, ఆ కోటకు ఒక రాజ్యం. పెనుకొండను రోజూ చూసేవాళ్ళం కాబట్టి ఆ కొండనే మనసులో పెట్టుకుని, పేరు మాత్రం మార్చుకున్నాం. అందులో తలా ఒక పాత్ర. ఎవరి పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో వాళ్ళు నాలుగైదు వాక్యాల్లో రాస్తారు. చివర్న 'వంతు' అని పెట్టి ఎవరు బదులివ్వాలో రాస్తారు. వాళ్ళు రాసేదాకా మిగతావాళ్ళు ఆగాలి. అంతే.

వచ్చేవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు. కడదాకా నిలబడింది ముగ్గురం. పెనుకొండలో గవర్నమెంటు ఆఫీసుల ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే ఆయన రాజు. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఆమె దళవాయి, అంటే సేనాపతి. నేను రాయసం, రాజు ఉత్తర్వులు రాసే గుమస్తా. ఆట బయట నాకు ఇంకో పని ఉండేది. జరిగేదానికీ జరగనిదానికీ తేడా చెప్పడం. రాజు ఒకసారి రాత్రికి రాత్రి కొండ మీదికి ఏనుగుల మందను ఎక్కించాడు. ఏనుగు ఎంత నీళ్ళు తాగుతుందో, కొండ మీది రాతి గుంటల్లో, దొనల్లో ఎన్ని నీళ్ళు నిలుస్తాయో లెక్కగట్టి, మూడో రోజుకు ఏనుగులూ ఉండవు, మనమూ ఉండమని చెప్పాను.

"ఏమప్పా, కథకు గూడా కాటా పెడతావా?" అని ఫోన్ చేసి తిట్టాడు.

"పెడతా. దించు ఏనుగుల్ని."

దించాడు. ఇంకోసారి రాజు పొద్దుగూకేదాకా కత్తి పైకెత్తి పట్టుకుని నిలబడ్డట్టు రాశాడు. ఆఫీసులో ఉన్న గడ్డపార అట్లాగే ఎత్తి పట్టుకుని చూశాను. ప్రింటరులోంచి ఒక లారీ చీటీ బయటికి వచ్చేలోపలే భుజం పోయింది. ఆ కత్తి కూడా దింపించాను.

మా ఆటకు నియమాలు రెండే. ఎవరి చావు వాళ్ళే రాసుకోవాలి. ఎదుటివాడు బాణం వేయొచ్చు, విషం పెట్టొచ్చు, కానీ 'చచ్చాడు' అన్న మాట ఆ పాత్రను ఆడే మనిషే రాయాలి. ఇది మొదటిది. రెండోది రాజే పెట్టాడు. బైకు మీది నుంచి పడి కాలు విరగ్గొట్టుకుని, ఫోన్ కూడా పగిలిపోయి, ఆయన చాలా రోజులు గ్రూపులోకి రాలేదు. వంతు ఆయనది. కాచుకోలేక ఒకడు ఆయన తరఫున రాసేసి, రాజు చేత ఖజానా తెరిపించి దానాలు చేయించాడు. తిరిగొచ్చి చూసుకున్న రాజుకు ఒళ్ళు మండింది.

"నా వంతు ముట్టుకునేదానికి మీరెవురప్పా? ఒగరి వంతు ఒగరిదే. నెల గానీ, ఏడాది గానీ, సచ్చేదాకా గానీ. కాచుకోవాల్సిందే. గడువు లేదు."

ఆ మాటలే గ్రూపు పైన అతికించాడు. రాసినవాడు గ్రూపు వదిలిపోయాడు. ఆ ఖజానా తలుపులు మేమందరం కలిసి మళ్ళీ మూశాం.

దళవాయి గురించి చెప్పాలి. ఆమె మగ్గం గుంటలో కూర్చుని, పోగు తెగినప్పుడో కరెంటు పోయినప్పుడో బొటనవేలితో రాసేది. ఎక్కువ రాసేది కాదు. కానీ ఆమె రాసింది నేనెప్పుడూ దిద్దలేదు. ఒకటి నాకు ఇప్పటికీ నోటికొచ్చు: "దళవాయి కింద వెలిగే పొయ్యిలను చూశాడు. పొయ్యికి పదిమంది అనుకున్నా తెల్లారేసరికి మనం మిగలం అన్నాడు. ఆ మాట అన్నాక పళ్ళతో చొక్కా దారం కొరికి, పొయ్యికి ఇరవైమంది ఉంటే బాగుండు, వాళ్ళకు అన్నం చాలదు అన్నాడు." ఇట్లా రాసేవాళ్ళతో నాకు పేచీ ఉండదు. కుంటుతూ నడిచే, దారం కొరికే ఆ ముసలాయన మా ఆటలో అందరికన్నా బతికున్న మనిషి. రాజుకు అది తెలుసు. రాజుకు అది నచ్చేది కాదు.

కథ చివరికి వాళ్ళిద్దరి మధ్యే ముడిపడింది. దళవాయి రాజుకు ఎదురు తిరిగి, పై కోటలోకి పోయి తలుపులు వేసుకున్నాడు. అందులోంచి ప్రాణాలతో బయటపడే దారి లేదు. నీళ్ళు, గింజలు, మనుషులు, అన్నీ నేనే లెక్కగట్టి చెప్పాను. దళవాయి చావాలి. ఎట్లా చావాలో ఆమె రాయాలి. రాజు తలుపు ముందుకొచ్చి రాసిన చివరి మెసేజీ ఇది: "రాజు గుర్రం దిగాడు. చెయ్యి పైకెత్తాడు. ఈ చెయ్యి దిగేలోపల తలుపు తీస్తావా, పగలగొట్టమంటావా అన్నాడు. వంతు: దళవాయి."

ఆమె తొందరపడలేదు. రాస్తున్నానని చెప్పింది. రోజులు గడిచాయి.

సరిగ్గా అప్పుడే రాజు వాళ్ళ అన్న కొడుకు బెంగళూరు నుంచి నాలుగు రోజులు సెలవుకొచ్చాడు. షాపులో జనం కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటే, ఈయన కౌంటరు వెనక ఫోన్ చూసుకుంటూ దళవాయి బదులు వచ్చిందా లేదా అని వెతుక్కుంటున్నాడు. ఆ పిల్లోడు భుజం మీది నుంచి తొంగి చదివాడు.

"చిన్నాయనా, ఇది ఆటనా, అర్జీనా?"

ఆ సంగతి రాజే నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ నవ్వు నవ్వు కాదు. వాడు ల్యాప్‌టాప్ తెరిచి, కోటలూ కత్తులూ ఉన్న ఒక ఆన్‌లైన్ గేములో తన స్నేహితులతో ఆడే సర్వరు చూపించాడట. అందులో అందరూ పాత్రలేనట, మైకులో పాత్రలాగే మాట్లాడతారట. పది నిమిషాల్లో ఈయనకు కిరీటం పెట్టి, గుర్రం ఎక్కించి, నెత్తి మీద రాజు అని రాసి చూపించాడు. గుర్రం మీద తనను తాను చూసుకున్న మనిషికి ఇక చెప్పేదేముంటుంది? సాయంత్రానికి గ్రూపులో ప్రకటన వచ్చింది. ముట్టడి కొత్త ఆటలోనే జరుగుతుంది, రాసే పని లేదు, అందరూ రావాలి.

"నా వంతు ఉండాది గదన్నా," అని ఆమె రాసింది.

"ఆడ చూసుకుందాంలేమ్మా."

అట్లా వెళ్ళాం. వెళ్ళిన రోజే, మొదట చెప్పినట్టు, గోడ మీది నుంచి పడ్డాం. అన్న కొడుకు, చిలమత్తూరు వైపు నుంచి బెంగళూరుకు పోయిన అతని స్నేహితులు, మాకు శిక్షణ ఇచ్చారు. శిక్షణ అంటే ఎవరైనా టైపు చేయడానికి ఆగితే చంపడం.

నేను నా పని గురించి అడిగాను. కొండ మీద నీళ్ళెన్ని, గింజలెన్ని, ఎవరు చూస్తారని.

"అవన్నీ మిషనే చూసుకుంటాది అంకుల్. ఒక కుండ తాగితే దప్పిక బార్ నిండిపోతాది."

"ఎంతమందికి ఒక కుండ?"

"కుండ ఖాళీ కాదంకుల్."

 ఖాళీ కాని కుండ దగ్గర లెక్కగాడికి పనేమిటి? నన్ను తలుపు దగ్గర కాపలా పెట్టారు. వేబ్రిడ్జి ఆఫీసులో పాత కంప్యూటరు ముందు కూర్చుని కాపలా కాసేవాణ్ణి. బయట లారీ హారన్ కొడితే అందరికీ వినిపించేది. "రాయసం గుర్రం హారన్ కొడతాందబ్బా, దారి ఇడవండి" అనేవాళ్ళు. హారన్ మోగినప్పుడల్లా అదే జోకు. మొదటిసారి నేను కూడా నవ్వాను.

ఆమెకు ఇంకా ఘోరం. దళవాయికి వాళ్ళిచ్చిన శరీరం తలుపంత వెడల్పు, చెవుల దాకా మీసాలు. దాంట్లోంచి సన్నటి ఆడగొంతు. మొదటిసారి ఆమె "నేను దళవాయిని మాట్లాడతాండా" అంది. వెంటనే ఒకడన్నాడు:

"అక్కా, మీసాలు బాగుండాయి. ఏం నూనె రాస్తావు?"

"అక్కా కాదురా, దళవాయమ్మ!"

"దళవాయమ్మా, ఇంట్లో అన్న మీసాలు పెద్దవా, నీవి పెద్దవా?"

రాజు అక్కడే గుర్రం మీద ఉన్నాడు. ఒక్క మాటతో వాళ్ళ నోరు మూయించగలడు. "ఏయ్, ఊరుకోండప్పా" అన్నాడు గానీ అది ఇంకాస్త అనండి అన్నట్టే ఉంది. నేను అరిచాను. లారీ హారన్‌తో పాటు వినిపించింది. మళ్ళీ నవ్వారు.

ఆ రోజుల్లోనే మా అక్క కూతురి పెళ్ళికి చీర తేవడానికి ధర్మవరం పోయి, ఆమె ఇంటికి వెళ్ళాను. ఒకే గదిలో రెండు మగ్గాలు. ఆమె గుంట పక్కన స్టూలు మీద వాళ్ళ తమ్ముడి ల్యాప్‌టాప్. రెండో మగ్గం మీద ఆమె భర్త, పోగును అటూ ఇటూ తిప్పే నాడె ఆపకుండానే పలకరించాడు.

"సూడండి సార్, మీ దళవాయి పొద్దన్నుంచి జానెడు గూడా నెయ్యలేదు."

"నువ్వు నెయ్యి," అందామె. "నేను సచ్చేదానికి తయారవుతాండా."

"ముహూర్తం ఎప్పుడంట?"

"ఆదివారం మధ్యాన్నం."

"అన్నం వండి పెట్టి సావు."

ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. టీ ఇచ్చాక, మగ్గాల చప్పుడు మధ్యలోనే, నేను అడగకుండానే చెప్పింది. దళవాయి వాళ్ళ నాయనేనట. ఆ కుంటడం, దారం పళ్ళతో కొరకడం ఆయనవే. ఆయన అనంతపురం ఆసుపత్రిలో పోయిన రోజు ఈమె ఇక్కడ మగ్గం మీద ఉంది. పెళ్ళి చీర, ఆ పొద్దే మగ్గం మీది నుంచి కోసి ఇవ్వాలి. బాగానే మాట్లాడతాండాడు, నువ్వు రావద్దు అని ఫోన్ వచ్చింది. చీర కోసేలోపల ఇంకో ఫోన్ వచ్చింది.

"కడాకు ఏమన్నాడురా అని మా తమ్ముణ్ణి అడిగినా అన్నా. ఏందో అన్నాడులే అక్కా, సరిగా వినలేదు అన్నాడు. అంతే. ఏందో అన్నాడంట." పడుగు మీద చెయ్యి ఆనించింది. "ఈ దళవాయి కడా మాటలన్నా నేను పెట్టుకుంటా. రాసేదానికి లేదంటున్నారు. నోటితోనే చెప్తా. నేర్చుకుంటాండా."

నేర్చుకోవడమంటే, నేస్తూ ఆ మాటలు పైకి చెప్పుకోవడం. నా ముందు కూడా రెండు వాక్యాలు చెప్పి, సిగ్గుపడి ఆపేసింది. భర్త నాడె ఆపి విన్నాడు. ఏమీ వేళాకోళం చేయలేదు.

నేను రాజుకు ఫోన్ చేశాను. ఆ మాటలు ఆమెకు ఎందుకంత ముఖ్యమో చెప్పాను. ఆ సర్వరులో ముట్టడిలో చచ్చిన పాత్రను పూర్తిగా తీసేస్తారు, మళ్ళీ రాదు. కాబట్టి ఆమె చెప్పేది ఆమెను చెప్పనివ్వాలని అడిగాను. ఆయన ఆమెను కూడా ఫోన్‌లోకి తీసుకుని నేను వింటుండగా చెప్పాడు: "మాట ఇస్తాండామ్మా. నువ్వు చెప్పేదంతా చెప్పినాకనే ఎవురైనా కత్తి ఎత్తేది. మీ నాయన మా నాయన గాడా?"

ఆదివారం మధ్యాహ్నం అందరం చేరాం. మేము ముగ్గురం, వాళ్ళు చాలామంది. తలుపు పగిలింది. దళవాయిని బురుజు మీదికి తరిమారు. చుట్టూ గుంపు. రాజు గుర్రం దిగి ఎదురుగా నిలబడ్డాడు. నేను కింద తలుపు దగ్గరి నుంచి పైకి చూస్తున్నాను. ఆమె గొంతు వినిపించింది. వెనక మగ్గం చప్పుడు లేదు. ఆ పూట భర్త కూడా మగ్గం ఆపేశాడన్నమాట.

"రాజా, తలుపు నేనే తీసుండేవాణ్ణి. నువ్వు తట్టింటే..."

మొదటి వాక్యం అది. బాగుంది. గుంపులో ఒకడు గొంతు సన్నగా చేసి "రాజా..." అని సాగదీశాడు. కొందరు కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. రెండో వాక్యం మొదలుపెట్టింది. ఎవడో మెల్లగా అన్నాడు: "చిన్నాయనా, ఈ లెక్చరు ఎప్పుడన్నా అయిపోతాదా? అయ్యేలోపల మనమే ముసలోళ్ళమవుతాం."

రాజు నవ్వాడు. నవ్వి, కత్తి దూసి, ఎత్తి, దించాడు.

దళవాయి అంత పెద్ద శరీరం బొమ్మలాగా మడతపడి, బురుజు మీది నుంచి జారి నా ముందు పడింది. గుంపు అరిచింది. దిగొచ్చి ఆ శరీరం మీద డాన్సు చేశారు. ఆ గేములో డాన్సుకు కూడా ఒక బటన్ ఉంది.

"బటన్ తగిలిందప్పా," అన్నాడు రాజు ఆ సాయంత్రం ఫోన్‌లో. "సూడకుండా తగిలింది."

కత్తి దూయడానికి ఒక బటన్, ఎత్తడానికి ఒకటి, దించడానికి ఒకటి. అవి వరసగా పొరపాటున తగలవు.  ఫోన్ పెట్టేశాను.

ఆమెకు ఫోన్ చేస్తే మామూలుగానే మాట్లాడింది. కాసేపటికి అడిగింది: "నేను చెప్పింది ఎట్లుండాది అన్నా?"

నాకు అర్థం కాలేదు. చెప్పింది ఒకటిన్నర వాక్యమే కదా అన్నాను.

"లేదన్నా, మొత్తం చెప్పినా. కిందపడినాక తెర ఎర్రగా అయిపోయింది గానీ నేను ఆపలేదు. కండ్లు మూసుకుని కడాదాకా చెప్పినా. పిల్లోళ్ళు ఎంత అరిసినా మీరన్నా వింటాండారు అనుకున్నా."

ఆ ఆటలో చచ్చినవాళ్ళ మైకు బతికున్నవాళ్ళకు వినిపించదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాల్సొచ్చింది.  "ఓ. అట్లనా," అంది. "మా ఇంటాయన విన్యాడులే."

అన్న కొడుకు ఆ పూటదంతా రికార్డు చేశాడు. "రాజా" దగ్గర మొదలై మీసాల శరీరం దొర్లడంతో ముగిసే చిన్న వీడియో, దానికి డోలు పాట కలిపి, పంచాడు. అది ధర్మవరం కూడా చేరింది. తర్వాతి వారం ఆమె నేసిన చీర తీసుకుని చీరల షాపుకు వెళితే, అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకడు లేచి నిలబడి, "దళవాయి గారొచ్చినారు, కుర్చీ వేయండి" అన్నాడట. ఇంకొకడు కుర్చీ వేశాడట. షాపంతా నవ్విందట. ఆమె ఆ కుర్చీలో కూర్చుని, చీర పని అయ్యేదాకా కదలకుండా ఉండి, ఇంటికొచ్చిందట. ఇదంతా భర్త చెప్పాడు. ఆమె చెప్పలేదు.

ఆ తర్వాత కొత్త ఆట ఎంతోకాలం సాగలేదు. ఆ పిల్లలకు ఇంకో గేము దొరికింది, అందులో రాజులు లేరు, కార్లున్నాయి. ఒకరోజు మా రాజు లాగిన్ అయితే కోట లేదు. ఫోన్ చేస్తే అన్న కొడుకు, "ఎవురూ ఆడలేదు గదా చిన్నాయనా, తీసేసినా. నీకు చెప్పాలని తట్టలేదు, ఏం పని?" అన్నాడట. రాజుకు ఒక వీడ్కోలు కూడా లేదు. గుర్రం, కిరీటం, నెత్తి మీది పేరు, అన్నీ ఒక్క బటన్‌తో పోయాయి. ఆ వార్త విన్న రోజు నేను టీతో పాటు బజ్జీలు కూడా తిన్నాను.

రాజు పాత గ్రూపుకు తిరిగొచ్చాడు. "మళ్ళీ మొదలుపెడదాం. ఎంతైనా రాసుకునేదే సుఖం," అని పెట్టాడు.

గ్రూపులో చివరి మెసేజీ ఇంకా అట్లాగే ఉంది. రాజు గుర్రం దిగాడు. చెయ్యి పైకెత్తాడు. వంతు: దళవాయి.

కింద ఆమె బదులు వచ్చింది: "నా వంతు గదన్నా. రాస్తాండా."

రాజు సంతోషపడ్డాడు. వారం చూశాడు. అడిగాడు. "రాస్తాండా అన్నా." పండగ పోయింది. అడిగాడు. "రాస్తాండా." విడిగా ఫోన్ చేశాడు, క్షమించమన్నాడు, పిల్లోళ్ళు చేశారన్నాడు. ఆమె ఎంతో మర్యాదగా, "అయ్యో, దానికేముందన్నా, ఆట గదా. నేను రాస్తాండా" అంది. భోజనం అయిందా అని కూడా అడిగింది.

ఏదో కాగితం పని పడి నేను పెనుకొండ పోయినప్పుడు షాపులోకి పిలిచి, జనాన్ని పక్కకు తోసి, స్టూలు వేశాడు. మనిషి చిక్కాడు.

"నువ్వు తీర్పు చెప్పప్పా. దళవాయి ఆడ సచ్చిపోయినాడు. అందరూ సూసినారు. సచ్చినోనికి వంతెట్ల?"

"ఎవరి చావు వాళ్ళే రాసుకోవాల. ఆయమ్మ రాయలేదు. రాయలేదంటే సావలేదు. సావలేదంటే వంతు దళవాయిదే."

"గడువు పెట్టు, పోనీ."

"గడువు లేదని రాసింది ఎవరు?"

పైన అతికించిన తన మాటలు తానే చదువుకున్నాడు. కౌంటరు ముందు ఒక ముసలామె ఆధార్ కాగితం చాపి, "నాయనా, ఒక కాపీ" అంటోంది. పట్టించుకోలేదు.

"ఎంతకాలమప్పా? మల్ల ఏదైనా మొదలుపెడదామన్నా ఆ మెసేజీ దాటకూడదు. నా రాజు ఆ తలుపు ముందర చెయ్యెత్తుకుని నిలబడి ఉండాడు." గొంతు తగ్గించాడు. "నవ్వొద్దు. రాత్రి పడుకుంటే ఇదే గుర్తొస్తాది. చెయ్యన్నా దింపుకోనీరాదా? ఒక్క వాక్యం. రాజు చెయ్యి దింపాడు. అంతే. ఇంకేం రాయను."

"చెయ్యి దింపాలన్నా వంతు రావాల."

"గడ్డపార ఎత్తి చూసి చెప్పింది నువ్వే గదప్పా! మనిషి అంతసేపు చెయ్యెత్తుకుని ఉండలేడని!"

నిజమే. లెక్క ప్రకారం ఆ చెయ్యి ఎప్పుడో పడిపోవాలి. కానీ ఆ తీర్పు కత్తికి చెప్పింది. ఉత్త చేతికి లెక్క కట్టలేదు. అదే చెప్పి, నా జిరాక్సులకు దుడ్లిచ్చి బస్సెక్కాను.

తర్వాత ఒకసారి ధర్మవరం స్టేషన్లో రైలు మారాల్సొచ్చి, మధ్యలో సమయం ఉంటే ఆమె ఇంటిదాకా వెళ్ళాను. ఇద్దరూ మగ్గాల మీదే ఉన్నారు. రాజు చెప్పిందంతా చెప్పాను, చెయ్యి సంగతితో సహా. భర్త పగలబడి నవ్వాడు. ఆమె నవ్వలేదు. తెగిన పోగు వెతికి, ముడివేసి, కొసను పళ్ళతో కొరికింది.

"దళవాయి మాటలు రాసినావా, లేదా?" అని అడిగాను.

"రాసి ఎన్నాళ్ళో అయింది అన్నా. ఫోన్లోనే ఉండాయి."

"మరి పంపవా?"

"పంపితే ఆయన వంతు వస్తాది గదా."

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. రాజు బతిమాలుతున్నాడు, చెయ్యి నొప్పి పుడుతోందట అన్నాను, నవ్వించాలని.

"ఎత్తింది ఆయనే గదన్నా," అంది. "ఉండనీ."